నల్లా బిల్లు ఎందుకు పెరుగుతోంది? హైదరాబాద్ ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

కూకట్‌పల్లి వైపు 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. నాలుగేళ్లుగా అసోసియేషన్ లెక్కలు నేనే చూస్తున్నాను. నెల మొదటి వారంలో మెయింటెనెన్స్ లెక్క గ్రూపులో పెట్టగానే వచ్చే ప్రశ్నల్లో సగం నీళ్ల గురించే. అడిగినవాళ్లకల్లా విడివిడిగా చెప్పీ చెప్పీ, అన్నీ ఒకచోట రాసిపెడితే మిగతా కాలనీల వాళ్లకి కూడా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన ఇంటి నీళ్ల ఖర్చు ఒక్క బిల్లులో కనిపించదు. జలమండలి, అంటే ఊరికి నల్లా నీళ్లిచ్చే సంస్థ, పంపే బిల్లు ఒకటి, ట్యాంకర్ల బిల్లు ఇంకొకటి, బోరు మోటారు కరెంటు బిల్లు మూడోది. మొదటిది చూసి గొడవపడతాం, మిగతా రెండూ మెయింటెనెన్స్‌లో కలిసిపోయి కంటికి కనిపించవు. మా దగ్గర నాలుగేళ్లలో ఎక్కువగా పెరిగినవి ఆ కనిపించని రెండే.

20 వేల లీటర్లు ఫ్రీ అన్నారు కదా, మరి మాకు బిల్లు ఎందుకు వస్తోంది?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. నెలకి ఇంటికి 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకాన్ని 2021 జనవరిలో మొదలుపెట్టి, 2020 డిసెంబరు బిల్లు నుంచే వర్తింపజేశారు. అప్పుడు అది జీహెచ్‌ఎంసీ పరిధిలోని ఇళ్లకి. కానీ అది తనంతట తాను వచ్చేది కాదు. బస్తీల సంగతి వేరు, మిగతా ఇళ్లకి మాత్రం నల్లాకి పనిచేసే మీటరు ఉండాలి, క్యాన్ నంబరుకి, అంటే బిల్లు మీదుండే కనెక్షన్ నంబరుకి, ఆధార్ లింక్ చేసుకుని ఉండాలి. ఈ రెండిట్లో ఏది తప్పినా మామూలు బిల్లే వస్తుంది.

అపార్ట్‌మెంట్లలో ఇంకో మెలిక ఉంది. కనెక్షన్ బిల్డింగ్ మొత్తానికి ఒకటే అయినా, ఉచితం లెక్క మాత్రం ఫ్లాటుకింత అని కడతారు. ఏ ఫ్లాటుకి ఆ ఫ్లాటు ఇంటి పన్ను నంబరుతో ఆధార్ లింక్ అయి ఉండాలి. మా దగ్గర 24 ఫ్లాట్లు, అంటే అందరూ చేసుకుంటే నెలకి 4 లక్షల 80 వేల లీటర్లు ఉచితం. మొదట్లో ఏడు ఫ్లాట్లు లింక్ కాలేదు. ఓనర్లు కొందరు అమెరికాలో, ఒకాయన నిజామాబాద్‌లో. ఆ ఏడు ఫ్లాట్ల లెక్కన బిల్లు వచ్చింది, దాన్ని మేము తెలియక 24 మందికీ సమానంగా పంచాం. లింక్ చేసుకున్నవాళ్లు ఎందుకు కట్టాలని అడిగారు. వాళ్లడిగింది న్యాయమే. అందుకని మీ అసోసియేషన్‌లో ఎవరెవరి ఫ్లాట్లు లింక్ అయ్యాయో ఒక జాబితా చేసి పెట్టుకోండి, బిల్లు పంచడానికి ముందే.

ఇంకొకటి, 20 వేలు దాటి వాడిన నీటికి మామూలు స్లాబ్ రేటు పడుతుంది, వాడకం పెరిగే కొద్దీ కిలోలీటరు రేటు కూడా పెరుగుతుంది. నీటి ఛార్జీ మీద 35 శాతం సీవరేజి సెస్ కలుస్తుంది. అంటే నీళ్లకి 200 పడితే బిల్లులో 270 కనిపిస్తుంది. ఆ 70 ఎక్కడిదని చాలామంది అడుగుతారు, అది డ్రైనేజీకి.

20 వేల లీటర్లు ఒక ఇంటికి సరిపోతాయా?

లెక్క వేసి చూద్దాం. డ్రైనేజీ లైను ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అనేది ప్రభుత్వ ఇంజినీర్లు వాడే ప్రమాణం. నలుగురున్న ఇంటికి నెలకి 16,200 లీటర్లు. ఐదుగురుంటే 20,250. అంటే నలుగురికి హాయిగా సరిపోతుంది, ఐదుగురికి అంచు మీద సరిపోతుంది. నలుగురున్న ఇంట్లో 20 వేలు దాటిందంటే మాత్రం ఎక్కడో నీళ్లు కారిపోతున్నాయని అనుకోవచ్చు. తోట ఉండి, కారు పైపుతో కడిగి, వాకిలంతా నీళ్లతో తడిపే ఇళ్ల సంగతి వేరు.

అసలు నీళ్లకి ఇంత ఖర్చు ఎందుకు? దేవుడిచ్చిన నీళ్లే కదా?

ఈ ప్రశ్న మా పక్క ఫ్లాటు పెద్దాయన ప్రతి మీటింగులో అడుగుతారు. నాకు ఇష్టమైన ప్రశ్న కూడా ఇదే, అందుకే కొంచెం పెద్దగా చెప్తాను.

1908లో మూసీకి పెద్ద వరద వచ్చి ఊరు కొట్టుకుపోయాక, విశ్వేశ్వరయ్య గారి సలహా మీద వరద ఆపడానికి రెండు చెరువులు కట్టారు. ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. హిమాయత్‌సాగర్ 1927లో. గండిపేట నిండు మట్టం సముద్రమట్టానికి 1,790 అడుగులు. ఊళ్లో చాలా ప్రాంతాలు దానికంటే కిందే ఉంటాయి. అందుకని ఆ నీళ్లు కాలువలో తమంతట తామే పారుతూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా వచ్చేవి. మోటారు లేదు, కరెంటు లేదు. గండిపేట నీళ్ల రుచి గురించి పాత హైదరాబాదీలు ఇప్పటికీ చెప్తారు. వాటి ఖర్చు గురించి ఎవరూ చెప్పరు, చెప్పుకునేంత ఖర్చు లేదు కాబట్టి.

ఊరు పెరిగింది. మంజీర నీళ్లు తెచ్చారు, తర్వాత సింగూరు, 2004 నుంచి మూడు దశల్లో కృష్ణ, 2015లో గోదావరి. ఇప్పుడు మనం తాగుతున్న దాంట్లో పెద్ద వాటా కృష్ణా, గోదావరులదే. నాగార్జునసాగర్ పూర్తిగా నిండితే నీటిమట్టం 590 అడుగులు. హైదరాబాద్ చాలా చోట్ల 1,700 అడుగుల చుట్టుపక్కల ఉంటుంది. వెయ్యి అడుగుల పైన ఎత్తి, వంద కిలోమీటర్లకి పైగా పైపులో తోస్తే తప్ప ఆ నీళ్లు మన సంపులో పడవు. ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీళ్లు ఇంకా దూరం, దాదాపు 186 కిలోమీటర్లు. పంపుహౌసులు రాత్రీ పగలూ తిరగాలి. కరెంటు రేటు పెరిగిన ప్రతిసారీ నీళ్ల ఖర్చు పెరుగుతుంది. ఇప్పుడు మల్లన్నసాగర్ నుంచి గోదావరి రెండు, మూడు దశలకి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది, దాని అంచనా 7,360 కోట్లు.

నీళ్లు దేవుడిచ్చినవే, కానీ వెయ్యి అడుగుల మెట్లు మనమే ఎక్కిస్తున్నాం. ఊరి పక్కనున్న చెరువుని పాడు చేసుకుని రెండు వందల కిలోమీటర్ల దూరంలోని నది మీద ఆధారపడితే ఎవరో ఒకరు ఆ డబ్బు కట్టాలి. బిల్లులో కట్టకపోతే పన్నుల్లో కడతాం. నా మటుకు నాకు పేద ఇంటికి నీళ్లు ఉచితంగానే అందాలి. కానీ నాలుగు బాత్రూములున్న ఇల్లు కూడా అదే లెక్కలో ఉండటం నాకు సబబుగా అనిపించదు.

మీటరు ఎలా చూడాలి? అంకెలన్నీ ఒకేలా ఉన్నాయి.

ఒకేలా ఉండవు, మూత తీసి దగ్గరగా చూడండి. నల్ల అంకెలు కిలోలీటర్లు, అంటే ఒక్కో అంకె పెరిగితే వెయ్యి లీటర్లు. ఎర్ర అంకెలు గానీ, ఎర్ర ముల్లున్న చిన్న గడియారాలు గానీ అందులో భాగాలు. బిల్లుకి లెక్కలోకి వచ్చేవి నల్లవే. మధ్యలో చిన్న చక్రం ఒకటి ఉంటుంది, కొన్నిట్లో నక్షత్రంలా, కొన్నిట్లో త్రికోణంలా. నీళ్లు సన్నగా కారుతున్నా సరే అది కదులుతుంది. మొత్తం మీటరులో మనకి అన్నిటికంటే పనికొచ్చేది అదే.

ప్రతి నెలా ఒకే తేదీన ఫోన్‌తో మీటరు ఫొటో తీసి పెట్టుకోండి. మీటర్ రీడర్ వచ్చిన రోజున తీస్తే ఇంకా మంచిది. తర్వాత ఏ తగవు వచ్చినా ఆ ఫొటోలే సాక్ష్యం. అద్దం మీద మట్టి, ఆవిరి పేరుకుని అంకె కనబడకపోతే సరాసరి బిల్లు వేసి వెళ్లిపోతారు. గేటుకి తాళం వేసి ఉన్నా అంతే. సరాసరి బిల్లు రెండు మూడు నెలలు వరసగా వచ్చిందంటే ఊరుకోకండి, ఒక్కసారి అసలు రీడింగు తీసినప్పుడు మొత్తం తేడా మీద పడుతుంది.

అంత వాడటం లేదు, అయినా బిల్లు పెరిగింది. లీకేజీ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

రెండు చోట్ల విడివిడిగా చూడాలి. మీటరు నుంచి సంపు దాకా ఒక భాగం, ట్యాంకు నుంచి కుళాయిల దాకా ఇంకో భాగం.

మొదటిది: నల్లా వచ్చే రోజున సంపు నిండి, ఫ్లోట్ వాల్వ్ మూసుకున్నాక మీటరు దగ్గరికి వెళ్లి ఆ చిన్న చక్రం చూడండి. ఇంకా తిరుగుతోందంటే ఫ్లోట్ బాల్ సరిగ్గా మూసుకోక సంపు పొంగిపోతోంది, లేదంటే మధ్యలో భూమిలో పైపు పగిలింది. మా సంపులో ఫ్లోట్ బాల్ కడ్డీ తుప్పుపట్టి వంగిపోయింది. పొంగిన నీళ్లు నేరుగా డ్రైనేజీ గొట్టంలోకి వెళ్తుండటంతో నేల తడవలేదు, ఎవరికీ తెలియలేదు. తెల్లవారుజామున నాలుగింటికి నల్లా వస్తే ఎవరు లేచి చూస్తారు? మూడు నెలలు బిల్లు కట్టాక ఒకరోజు నేనే టార్చి పట్టుకుని సంపు మూత తీస్తే చప్పుడు వినిపించింది. కొత్త బాల్ వాల్వ్ ఖరీదు మేము కట్టిన అదనపు బిల్లులో పదో వంతు కూడా లేదు.

రెండోది: ఇంట్లో లీకేజీ. ఇందులో మొదటి అనుమానం ఎప్పుడూ ఫ్లష్ ట్యాంకు మీద పెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు ఫ్లష్ ట్యాంకు మూత తీసి బట్టలకి వేసే నీలం నాలుగు చుక్కలు వేయండి, ఎవరినీ వాడొద్దని చెప్పండి. ఒక గంట తర్వాత చూస్తే కమోడులో నీలం రంగు కనిపించిందా, ట్యాంకు అడుగున రబ్బరు వాషర్ పోయినట్టే. చప్పుడు లేకుండా గోడ వెంట జారుతుంది కాబట్టి కంటికి ఆనదు, కానీ రోజుకి వందల లీటర్లు పోగలవు. కుళాయి చుక్కలు దానిముందు తక్కువ, సెకనుకి ఒక చుక్క పడితే రోజుకి 20, 30 లీటర్లు. అయినా వాషర్ మార్చడానికి ఐదు నిమిషాలు పట్టదు, పడే చుక్కని అలా వదిలేయకండి.

నల్లా రాకముందే మీటరు గిర్రున తిరుగుతోంది. అది కూడా బిల్లులో పడుతుందా?

పడుతుంది. మనకి నీళ్లు చాలా చోట్ల రోజు విడిచి రోజు వస్తాయి. మధ్యలో పైపు ఖాళీగా ఉంటుంది, గాలి నిండుతుంది. వాల్వ్ తిప్పగానే నీళ్ల ముందు ఆ గాలి తోసుకొస్తుంది. మీటరుకి గాలికీ నీటికీ తేడా తెలియదు. లైను చివర్లో, ఎత్తు మీద ఉన్న ఇళ్లకి ఇది ఎక్కువ. గాలి బయటికి పోయేలా ఎయిర్ వాల్వ్ పెట్టాలి, అది మెయిన్ లైను మీద పెట్టాల్సింది కాబట్టి సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. వీధిలో నలుగురు కలిసి సంతకాలు పెట్టి ఇస్తే పని జరుగుతుంది, ఒక్కరే తిరిగితే కాళ్లు నొప్పులు తప్ప ఏమీ ఉండదు.

ప్రెషర్ లేదు, నల్లాకి నేరుగా మోటారు పెట్టుకుంటే తప్పా?

తప్పే. మీరు లాగితే పక్కింటికి రాదు. 2025 ఏప్రిల్‌లో జలమండలి దీని మీద ప్రత్యేకంగా తనిఖీలు మొదలుపెట్టింది, మోటారు తీసుకుపోవడంతో పాటు 5 వేల రూపాయల జరిమానా. దానికంటే భయపడాల్సింది ఇంకొకటి ఉంది. ఖాళీ పైపుని మోటారు పీల్చినప్పుడు పగుళ్లలోంచి డ్రైనేజీ నీళ్లు కూడా లోపలికి వస్తాయి. పిల్లలున్న ఇళ్లవాళ్లు ఈ ఒక్క కారణానికే ఆ మోటారు తీసేయాలి.

అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ఖర్చు ఎలా పంచుకుంటే న్యాయం?

దీని మీద మా దగ్గర జరిగినన్ని గొడవలు పార్కింగ్ మీద కూడా జరగలేదు. ఫ్లాటుకి సమానం అంటే ఇద్దరే ఉన్న రిటైర్డ్ దంపతులు ఆరుగురున్న ఇంటితో సమానంగా కట్టాలి. చదరపు అడుగుల లెక్క అంటే నీళ్లకీ హాలు సైజుకీ సంబంధం లేదు. మనుషుల లెక్క అంటే, ఊరి నుంచి అత్తమామలు వచ్చి రెండు నెలలున్నారు, వాళ్లని లెక్కలో వేస్తారా అని ఒక అక్క అడిగింది, ఎవరి దగ్గరా సమాధానం లేదు.

ఫ్లాటుకో మీటరు పెట్టేయండి అంటారు. మంచి మాటే, కానీ పదేళ్ల క్రితం కట్టిన చాలా బిల్డింగుల్లో ఫ్లాటుకి నీళ్లు ఒక్క పైపులో రావు. వంటగదికి పై ట్యాంకు నుంచి దిగే ఒక డౌన్‌టేక్ లైను, ఒక్కో బాత్రూముకి ఒక్కోటి, వాష్ ఏరియాకి ఇంకోటి. ఫ్లాటుకి మూడు నాలుగు మీటర్లు కావాలి. మేం ప్లంబరుని పిలిచి లెక్క వేయిస్తే 24 ఫ్లాట్లకి 90కి పైగా వచ్చాయి, అంత డబ్బు పెట్టలేక ఆపేశాం. కొత్తగా ఫ్లాటు కొనేవాళ్లకి మాత్రం చెప్తున్నాను, సింగిల్ ఇన్‌లెట్ ఉందా అని బిల్డరుని ముందే అడగండి. లిఫ్టు ఏ కంపెనీది, టైల్స్ ఏ కంపెనీవి అని అడుగుతాం గానీ దీన్ని ఎవరమూ అడగం.

ప్రస్తుతానికి మేము సగం సమానంగా, సగం మనుషుల లెక్కన పంచుతున్నాం. రెండు నెలలు దాటి ఉన్న చుట్టాలని లెక్కలోకి తీసుకుంటాం. అందరికీ నచ్చలేదు, కానీ అందరూ కడుతున్నారు.

ట్యాంకర్ల ఖర్చే ఎక్కువైపోయింది. ఎలా తగ్గించాలి?

జలమండలి ట్యాంకరు 5 వేల లీటర్లది ఇళ్లకి 500 రూపాయలు. అంటే వెయ్యి లీటర్లకి 100. ఏప్రిల్, మే నెలల్లో అది బుక్ చేస్తే వచ్చేసరికి ఆలస్యమై, ప్రైవేటు ట్యాంకరుకి మేము అంతకి రెండు మూడు రెట్లు ఇచ్చిన రోజులున్నాయి. అందుకని సంపులో నీళ్లు అడుగంటాక కాకుండా, సగానికి వచ్చినప్పుడే బుక్ చేయండి. అవసరంలో ఉన్నప్పుడు బేరం ఆడలేం.

ఇంకొక విషయం, నిండు ట్యాంకరు వచ్చిందో లేదో కొలవండి. ఇది మా వాచ్‌మన్‌కి నేర్పిన లెక్క. మా సంపు పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, అంటే 80 చదరపు అడుగులు. ఒక ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. కాబట్టి ఒక అడుగు నీళ్లు పెరిగితే సుమారు 2,265 లీటర్లు. 5 వేల లీటర్లు పోస్తే మట్టం 26 అంగుళాల పైన పెరగాలి. ఒక పీవీసీ పైపు మీద పెయింటుతో అంగుళాల గీతలు పెట్టి సంపులో నిలబెట్టాం. ట్యాంకరు వచ్చేముందు ఒక ఫొటో, వెళ్లాక ఒక ఫొటో. మొదటి వారంలోనే ఒక ట్యాంకరు 22 అంగుళాలే పెంచింది. నాలుగు అంగుళాలంటే 750 లీటర్లు. డ్రైవరు మొదట ఒప్పుకోలేదు, గీతలు చూపించాక ఏమీ మాట్లాడలేదు, ఆ తర్వాత అతను తెచ్చిన ఏ ట్యాంకరూ తగ్గలేదు. అంతకుముందు రెండేళ్లు ఎన్ని తగ్గాయో తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ బాధేస్తుంది, అది 24 ఇళ్ల డబ్బు.

పోసే ముందు ట్యాంకర్ పైమూత తీయించి చూడండి. నీళ్ల వాసన కూడా చూడండి.

బోరు ఉంది కదా, దానికి ఖర్చేముంది?

కామన్ మీటరు కరెంటు బిల్లు ఎప్పుడైనా చూశారా? 5 హెచ్‌పీ మోటారు గంటకి సుమారు 3.7 యూనిట్లు, నిజానికి కొంచెం ఎక్కువే తింటుంది. రోజుకి ఎనిమిది గంటలు నడిస్తే 30 యూనిట్లు, నెలకి 900. మీ కరెంటు రేటుతో గుణించుకోండి, బోరు నీళ్లు ఫ్రీ అనే మాట మళ్లీ అనరు. ఎండాకాలంలో ఇంకా ఘోరం, మోటారు తిరుగుతూనే ఉంటుంది గానీ సన్నటి ధార వస్తుంది. నీళ్లు సగం, కరెంటు మాత్రం అంతే. డ్రై రన్ అయితే వైండింగ్ కాలిపోతుంది, మోటారు పైకి తీయించాలంటే ఆ ఖర్చు వేరే. నీళ్లు అడుగంటితే ఆగిపోయే డ్రై రన్ ప్రొటెక్షన్ స్టార్టరులో తప్పకుండా పెట్టించండి.

ఆర్‌వో ఫిల్టరు వల్ల కూడా బిల్లు పెరుగుతుందా?

కొంత పెరుగుతుంది. ఇళ్లలో వాడే మామూలు ఆర్‌వో ఒక లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ఆ సన్న గొట్టాన్ని బకెట్‌లో పెట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూములకి వాడండి. మొక్కలకి రోజూ పోయకండి, ఉప్పు ఎక్కువ. అసలు నల్లా నీళ్లు మాత్రమే వచ్చే ఇంట్లో ఆర్‌వో అవసరమా అనేది టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, చూసి తేల్చుకోండి. కృష్ణా నీళ్లకి చాలా ఇళ్లలో మామూలు ఫిల్టరు సరిపోతుంది.

బిల్లు తప్పుగా వచ్చింది, ఎవరికి చెప్పాలి? పాత బకాయి కూడా ఉంది.

155313కి ఫోన్ చేసి క్యాన్ నంబరు చెప్పి ఫిర్యాదు నమోదు చేయించండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఫోనుతో ఆపకుండా సెక్షన్ ఆఫీసుకి మీటరు ఫొటోలు, గత ఆరు నెలల బిల్లులు పట్టుకుని వెళ్లండి. మీటరు మీద అనుమానం ఉంటే టెస్టింగ్ అడగండి. బకాయి ఉంటే వడ్డీ పెరుగుతూ పోతుంది. 2024 అక్టోబరులో వడ్డీ, ఆలస్యపు రుసుము మాఫీ చేస్తూ ఓటీఎస్, అంటే ఒకేసారి కట్టేసి బకాయి తీర్చుకునే పథకం, పెట్టారు, మళ్లీ పెడతారని ఎదురుచూస్తూ కూర్చోవద్దు. తగవు ఉన్న మొత్తం పక్కనపెట్టి, ఒప్పుకున్న మొత్తం కట్టేయడం మంచిది, కనెక్షన్ తీసేసే దాకా తెచ్చుకోకూడదు.

మేము అద్దెకి ఉంటున్నాం. ఓనర్ మనిషికింత అని నీళ్ల డబ్బులు తీసుకుంటున్నారు, సరైనదేనా?

అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నారో అదే. మూడు పోర్షన్లు, ఒకటే నల్లా ఉన్న ఇంట్లో అందరి వాడకమూ ఒకే మీటరు మీద పడుతుంది కాబట్టి 20 వేలు దాటడం మామూలే. బిల్లు చూపించమని మర్యాదగా అడగండి, అడగడం మీ హక్కు. ఓనర్లకి కూడా నా మనవి, బిల్లు సున్నా వచ్చిన నెలలో కూడా మనిషికి మూడు వందలు తీసుకోవడం బాగోదు. మోటారు కరెంటు ఖర్చు ఉంటే అది అని చెప్పి తీసుకోండి.

ఇది ఒక్క హైదరాబాద్ సమస్యేనా?

కాదు. బెంగళూరులో మనవాళ్లు లక్షల్లో ఉన్నారు, వాళ్లకి 2025 ఏప్రిల్‌లో పెరిగింది, అదీ 11 ఏళ్ల తర్వాత. నెలకి 8 వేల లీటర్ల లోపు వాడే ఇళ్లకి లీటరుకి 0.15 పైసా పెంచారు, 50 వేలు దాటితే ఒక పైసా పెంచారు. ఇకమీదట ఏటా మూడు శాతం పెంచుతామని కూడా చెప్పారు. అక్కడా కారణం అదే, కావేరి నీళ్లని దూరం నుంచి ఎత్తిపోయాలి. ఏళ్ల తరబడి ముట్టుకోకుండా ఉంచి ఒక్కసారి పెంచడం కంటే ఏటా కొద్దిగా పెంచడమే ఇళ్లకి తేలిక అని నాకనిపిస్తుంది.

లండన్‌లో ఉన్న పిల్లలు కూడా ఇదే చెప్తున్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2025 ఏప్రిల్ నుంచి సగటు ఇంటి నీళ్ల బిల్లు ఏడాదికి 480 పౌండ్ల నుంచి 603కి పోయింది. అక్కడ పాత పైపులు, మురుగు నదుల్లో కలవకుండా చూసే పనులు. ఇంగ్లండ్‌లో నీళ్ల సంస్థలు 1989 నుంచి ప్రైవేటు చేతుల్లో ఉన్నాయి, మన జలమండలి పుట్టింది కూడా అదే ఏడాది.

ఇంకుడు గుంత తీస్తే నిజంగా తేడా ఉంటుందా?

ఉంటుంది, కానీ ఒక్క ఏడాదిలో కనిపించాలని చూడకండి. 200 గజాల డాబా అంటే 1,800 చదరపు అడుగులు. హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆవిరైపోయింది, వృథా అయింది పోగా లక్ష లీటర్ల పైనే ఆ ఒక్క డాబా మీద నుంచి దిగుతాయి. 20 ట్యాంకర్ల నీళ్లు. ఇప్పుడు అవన్నీ రోడ్డు మీదకి పోయి, అక్కడ బండ్లు మునుగుతున్నాయి.

గుంత తీశాం అని ఫొటో పెట్టుకుని మర్చిపోయే అపార్ట్‌మెంట్లే ఎక్కువ. మాది కూడా అలాంటిదే, పర్మిషన్ కోసం బిల్డరు తీసిన గుంత. నిరుడు మే నెలలో తెరిపిస్తే పైన రెండడుగులు సిమెంటు బస్తాల ముక్కలు, గుట్కా ప్యాకెట్లు, గట్టిపడిన ఒండ్రు. నీటి చుక్క దిగే దారి లేదు. ఇద్దరు కూలీలు రెండు రోజులు పనిచేసి మొత్తం తీశారు, అడుగున పెద్ద కంకర, పైన చిన్న కంకర, దాని మీద ఇసుక కొత్తగా పోయించాం. డాబా పైపుకి ముందు ఒక చిన్న తొట్టి కట్టి జాలీ పెట్టాం, ఆకులు అక్కడే ఆగేలా. జూన్‌లో మొదటి పెద్ద వాన రాత్రి పదకొండింటికి పడింది. నేనూ వాచ్‌మన్ గొడుగులేసుకుని దిగి చూశాం. గుంత సగం దాకా నిండింది, పొద్దున్న ఆరింటికి మళ్లీ చూస్తే ఖాళీ, ఇసుక మాత్రం తడిగా ఉంది. నీళ్లన్నీ లోపలికి దిగిపోయాయి.